మరమ్మతు శిక్షణ: మన లెక్కకు రాని ఖర్చు

సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో రూపుదిద్దుకోవడం మొదలైన శ్రీ సిటీ ఆ ప్రాంతపు గ్రామీణ యువత ఆలోచనలనే మార్చివేసింది. 2016లో ఇసుజు వాహన కర్మాగారం అక్కడ ఉత్పత్తి ప్రారంభించింది. సమీపంలోనే హీరో ద్విచక్ర వాహనాలు, అపోలో టైర్లు తయారవుతున్నాయి. పదో తరగతి ముగించిన రైతు బిడ్డ మోటారు మరమ్మతు నేర్చుకుందామనుకోవడం సహజమే. ఆ చదువు గిట్టుబాటవుతుందా అని అతడు విస్తరణ శాస్త్రవేత్తను అడిగితే, రుసుము ఎంత, తొలి జీతం ఎంత అన్న రెండు అంకెలతో సమాధానం చెప్పి పంపుతున్నాం. ఇది అసంపూర్ణమైన లెక్క అని నా అభిప్రాయం.

వరి సాగు వ్యయం గణించేటప్పుడు మనం ఇంత ఉదాసీనంగా ఉండము. చేతినుంచి పెట్టిన ఖర్చుకు కుటుంబ శ్రమ విలువ కలపకపోతే ఆ లెక్కను పరిశోధన పత్రంగా అంగీకరించము. వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ అనుసరించే పద్ధతి కూడా అదే. రైతు తన మడిలో చేసిన పనికి విలువ కట్టే మనం, ఆ రైతు కుమారుడు శిక్షణలో గడిపిన రెండేళ్లకు మాత్రం విలువ కట్టడం మరచిపోతున్నాం.

కట్టి చూద్దాం. రాష్ట్రంలో 2025-26కు ఉపాధి హామీ దినసరి కూలి 307 రూపాయలు. పొలం పనికి ఇంతకన్నా ఎక్కువే రావచ్చు గాని, కనిష్ఠంగా దీన్నే తీసుకుందాం. నెలకు 20 పనిదినాల చొప్పున రెండేళ్ల ఐటీఐ మోటారు వాహన మెకానిక్ కోర్సులో చేజారే కూలి 1,47,360 రూపాయలు. ప్రయాణానికి, ఇతర ఖర్చులకు నెలకు 1,500 అనుకుంటే మరో 36,000. సొంతంగా షెడ్డు వేసుకోదలచినవాడికి స్పానర్లు, జాకీ, పుల్లర్లు, వెల్డింగ్ యంత్రం కావాలి. వాటికి 40,000 అనుకుందాం. రుసుము ఇంకా చేర్చకుండానే పెట్టుబడి 2,23,360కి చేరింది. కూలికన్నా నెలకు 5,000 అదనంగా సంపాదిస్తే ఇది తిరిగి రావడానికి 45 నెలలు పడుతుంది. అదనపు ఆదాయం 3,000 మాత్రమే అయితే ఆరేళ్లు దాటుతుంది. ఇందులో ప్రయాణం, పనిముట్లు, అదనపు ఆదాయం నా ఊహాంకెలు. చదువరులు తమ మండలపు అంకెలు వేసి చూసుకోవచ్చు. ఏ అంకెలు వేసినా చేజారిన కూలే అన్నింటికన్నా పెద్ద పద్దుగా నిలుస్తుందని నా నమ్మకం.

ఇక రాబడి. కర్మాగారంలో వాహనాన్ని కూర్చే పని వేరు, చెడిపోయిన వాహనంలో దోషం కనిపెట్టే పని వేరు. మొదటిదానిలో చేరినవాడికి నెల తిరిగేసరికి జీతం వస్తుంది, కాని ఏళ్ల తరబడి ఒకే బిగింపు పని చేసినవాడు మెకానిక్ కాలేడు. రెండవదానిలో చేయి తిరిగేదాకా ఆదాయం పలుచనే. యువకుడికి ఈ తేడా ముందే చెప్పాలి. జీతం కోరి కర్మాగారానికి వెళ్లడంలో తప్పేమీ లేదు. అందుకు రెండేళ్ల మరమ్మతు చదువు అవసరమా అన్నదే ప్రశ్న.

యంత్రానికి ఉన్నట్టే నైపుణ్యానికీ తరుగుదల ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలయ్యాక కొత్త బైకులలో కార్బురేటర్ స్థానంలోకి ఇంధన ఇంజెక్షన్, సెన్సార్లు వచ్చాయి. వెనుకనే విద్యుత్ వాహనాలు వస్తున్నాయి. కార్బురేటర్ విప్పడం మాత్రమే నేర్చినవాడి విద్య కొన్నేళ్లలో పాతబడుతుంది. ట్రాక్టర్ల విషయం కొంత భిన్నం. 2023 జనవరి నుంచి వచ్చిన కఠినతర ఉద్గార ప్రమాణాలు 50 అశ్వశక్తి దాటిన ట్రాక్టర్లకే వర్తించాయి. మన చిన్న కమతాలలో తిరిగేవి చాలావరకు అంతకు లోపువే. వాటి పంపు, క్లచ్, హైడ్రాలిక్స్ తెలిసినవాడికి ఇంకా చాలా ఏళ్లు పని ఉంటుంది. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు కోతల వేళ ఒక బేరింగు విరిగి వరికోత యంత్రం ఆగితే, దానికోసం వరుసలో ఉన్న రైతులందరి పంటా పొలంలోనే నిలిచిపోతుంది. ఆ పూట మెకానిక్ దొరకడమే రైతుకు ముఖ్యం. కూలి గురించి బేరం ఆడడు.

అందుచేత నేను మరో దారి సూచిస్తాను. ఐటీఐలలో ట్రాక్టర్ మెకానిక్ కోర్సు ఒక ఏడాదిదే. రెండో ఏడాది ట్రాక్టర్ డీలరు వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా గడిపితే, 2019 నిబంధనల మేరకు ఐటీఐ ధ్రువపత్రం ఉన్నవారికి నెలకు కనీసం 7,000 భృతి రావాలి. అది చేజారే కూలిని మించుతుంది. పై అంకెలతోనే లెక్కిస్తే పనిముట్లతో కలిపి పెట్టుబడి 1,39,360కి తగ్గుతుంది. 28 నెలల్లో తిరిగి వస్తుంది. 4 నుంచి 29 మంది సిబ్బంది ఉన్న సంస్థలు కూడా ఇష్టపడితే అప్రెంటిస్‌లను తీసుకోవచ్చు. భృతిలో 1,500 వరకు కేంద్రం భరిస్తుంది. ఈ సంగతి చాలామంది డీలర్లకు తెలియకపోవచ్చు. చెప్పవలసింది విస్తరణ సిబ్బందే.

మన సంస్థల తీరు గురించి కూడా ఒక మాట. ఆత్మ ద్వారా జరిగే గ్రామీణ యువత నైపుణ్య శిక్షణ 7 రోజులది. ఆసక్తి కలిగించడానికి అది చాలు, జీవనోపాధికి చాలదు. అయినా వార్షిక నివేదికలో ఎంతమంది శిక్షణ పొందారో రాస్తాం, ఎంతమంది షెడ్డు తెరిచారో రాయము. (సంఖ్య పెద్దదిగా ఉంటే పైవారు సంతోషిస్తారన్నది అందరికీ తెలిసిన రహస్యం.) నలభై మందికి వారం రోజులు శిక్షణ ఇచ్చే బదులు పదిమందిని ఎంపిక చేసి, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థకు పంపి, తిరిగి వచ్చాక పనిముట్ల పెట్టెకు బ్యాంకు రుణం ఇప్పించడం మేలు. నివేదికలో ఒక గడి పెంచితే చాలు: శిక్షణ ముగిసిన 24 నెలలకు అతడి నికరాదాయం ఎంత? పట్టభద్ర విద్యార్థులకు ఇది మంచి పరిశోధనాంశం. తిరుపతి వ్యవసాయ కళాశాల నుంచి సత్యవేడు వెళ్లి రావడం ఒక రోజు పని. ఏ షెడ్డు తెరిచి ఉందో, ఏది మూతపడిందో అడిగి రాసుకుంటే మొదటి పట్టిక సిద్ధమవుతుంది.