పులికి దారి యున్నది, ముదుసలికి నీడ యేది?

వేసవి సెలవులు వచ్చినను, దసరా వచ్చినను, సంక్రాంతి వచ్చినను, మన పట్టణములలోని కుటుంబములు మోటారుకార్లలో దూరయాత్రలకు బయలుదేరుట నేడు సామాన్యమైనది. తండ్రి బండి నడుపును. తల్లి పక్కన కూర్చుండి ఫోనులో దారి చూచుచుండును. వెనుక పిల్లలు, పిల్లల నడుమ నాయనమ్మయో, అమ్మమ్మయో, తాతగారో. రైలుటిక్కెట్టు దొరకక కొందరును, నచ్చినచోట నాగి పోవచ్చునను కోరికచే కొందరును ఈ మార్గము నెన్నుకొనుచున్నారు. ఇది డబ్బుగలవారి విలాసమని తీసివేయువారు కలరు. మేమట్లు తలంపము. మూడు తరములవారు రెండు మూడు దినములు మోకాలికి మోకాలు తగులునట్లు ఒకచోట కూర్చుండుట ఈ కాలమున మరియెక్కడ జరుగుచున్నది? కావున ఈ యాత్రలు వర్ధిల్లవలసినవే. కాని రహదారి యెవరి సౌకర్యమునకై యేర్పడినది? బండి కొరకా? బండిలోని మనిషి కొరకా? ఈ ప్రశ్న నడుగవలసిన సమయము వచ్చినది.

తెలుగువారికి దూరయాత్ర క్రొత్త కాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి గాని యిల్లు చేరలేదు. వారి యాత్రాచరిత్ర 1838లో అచ్చుపడినది. దానినే బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో తిరిగి ప్రకటించి మనకు దక్కించిరి. వీరాస్వామయ్యగారు హైదరాబాదు, నాగపూరు, జబ్బలుపూరుల మీదుగా సాగినారు. నేడు కారులో కాశీకి పోవు హైదరాబాదు కుటుంబమును ఇంచుమించు ఆ దిక్కుననే పోవుచున్నది. 1,200 కిలోమీటర్లకు మించిన యీ దూరము ఆనాడు నెలల పని. నేడు రెండు దినముల పని. ఇది సామాన్యమైన లాభము కాదు. రోడ్డు వేసిన యింజనీరును, ఎండలో తారు పోసిన కూలివానిని మనము మనసార స్తుతింపవలసినదే.

అయినను ఆనాటి దారిలో నుండి నేటి దారిలో లేని దొకటి కలదు. ఆనాటి దారి నడచువాని కాలినిబట్టి యేర్పడినది. ఎంత దూరమునకు మనిషి యలయునో అంత దూరమునకొక చెట్టు, ఒక బావి, ఒక సత్రము. బాటల ప్రక్కన మఱ్ఱిచెట్లు నాటించి, నూతులు త్రవ్వించి, విశ్రాంతిగృహములు కట్టించితినని అశోకచక్రవర్తి తన స్తంభశాసనములలో చెప్పుకొనెను. రాజులమాట యట్లుండనిండు. గోదావరి లంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) ఏ రాజ్యాధికారమును లేకయే, దారినపోవు ఆకలిగొన్నవారికి వేళ యనక అన్నము పెట్టి దేశమంతట పేరొందిరి. దారి యనగా నేల మాత్రము కాదనియు, దారిలో నలసినవాని యెడల ఇరుగుపొరుగు వహించిన బాధ్యత యనియు మన పెద్దలు ఎరుగుదురు.

ఇప్పటి రహదారి లెక్క వేరు. అది చక్రమును బట్టి యేర్పడినది. మలుపు లెట్లుండవలెను, వంతెన యెంత బరువు మోయవలెను, గంటకు నెన్ని బండ్లు పోవలెను అనువాటికి లెక్కలు గలవు. డెబ్బదియైదేండ్ల ముదుసలి గంటన్నరకొకసారి దిగవలసియుండునను లెక్క మాత్రమే యెవరును వేసినట్లు కానరాదు.

ప్రభుత్వమునకు శక్తి చాలక ఇట్లు జరుగుచున్నదందమా? అట్లనుటకు వీలులేదు. నాగపూరునుండి సివనీకి పోవు 44వ నెంబరు జాతీయ రహదారి పెంచ్ అడవిని చీల్చుకొని పోవుచున్నది. పులులును, దుప్పులును రోడ్డు దాటుచు చక్రములక్రింద పడునని అటవీశాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. కోర్టులలో వ్యాజ్యములు నడచినవి. తుదకు రోడ్డునే పైకెత్తి, దాని క్రింద మృగములు పోవుటకు తొమ్మిదిచోట్ల దారులు విడిచిరి. వానిలో చిన్నది 50 మీటర్లు, పెద్దది 750 మీటర్లు. పులులు ఆ దారులనే వాడుకొనుచున్నట్లు అచ్చట నమర్చిన కెమెరాలలో తేలినది. ఇది మన దేశమునకు గౌరవము తెచ్చిన పని. దానిని చూచి మేము సంతోషించితిమి. కాని ఆ సంతోషముతోపాటే ఒక సందేహమును గలిగినది. నోరులేని మృగము నడకను గమనించి, దానికి తగినట్లు కోట్లు వెచ్చించి దారి మలచగల రాజ్యము, నోరున్న ముసలమ్మకొక శుభ్రమైన మరుగుదొడ్డిని, ఒక చెట్టునీడను, ఒక బల్లను ఏల సమకూర్పజాలకున్నది?

క్రిందటి సంవత్సరము మా తల్లిగారిని, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని ఈ మార్గమున పోయితిమి. ఒక పెట్రోలు బంకులో మరుగుదొడ్డికి తాళము వేసియుండెను. తాళపుచెవి యజమానివద్ద నున్నదనియు, ఆయన భోజనమునకు పోయెననియు పనివాడు చెప్పెను. తరువాతిచోట తలుపు తెరచియే యుండెను గాని నీరు లేదు. ఎక్కుటకు నాలుగు మెట్లు, పట్టుకొనుటకు కమ్మి లేదు. ఆ బంకుల పేర్లు చెప్పుటవలన ప్రయోజనము లేదు. దోషము ఒక్కరిది కాదు. అంతకంటె గమనింపదగినది వేరొకటి. మా తల్లిగారు ఆనాటి యుదయమునుండి మంచినీరు ముట్టలేదు. అడుగగా, "త్రాగిన దిగవలె, దిగిన మీకాలస్యము, నాకు దాహము లేదులే నాయనా" అనిరి. పాఠకమహాశయులారా! మీ యింటి స్త్రీలు దూరప్రయాణమున నీ మాట యనకుండ నున్నారేమో విచారించి చూడుడు. మండువేసవిలో నీరు త్రాగకుండుట వృద్ధులకెంత ప్రమాదకరమో వైద్యులు చెప్పుదురు. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుండిన ప్రయాణములలో కాలిసిరలందు నెత్తురు గడ్డకట్టు భయము హెచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ పరిశోధనలును తేల్చియున్నవి. దిగుటకు చోటులేని దారిలో దాహమును కాళ్లనొప్పిని దాచుకొనుటయే మన తల్లులు నేర్చిన ప్రయాణవిద్య.

"అట్లయిన ముసలివారిని ఇంట విడిచిపోవుట మేలు కదా" యని కొందరు సలహా యిత్తురు. ఈ సలహా పైకి దయగా కనబడును గాని న్యాయము కాదు. మెట్లు ఎక్కలేనివారు కోర్టుకు రావలదని చెప్పిన న్యాయము జరుగునా? కోర్టులలో స్త్రీలకు, పురుషులకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండరు వ్యక్తులకు మరుగుదొడ్లుండుట జీవించు హక్కులోని భాగమని సుప్రీముకోర్టు 2025 జనవరి 15వ తేదీన తీర్పు చెప్పినది. కోర్టుగుమ్మమున నున్న హక్కు రహదారిపై ఎగిరిపోవునా? అదియును గాక, రహదారి మనకు ధర్మార్థముగా వచ్చినది కాదు. 2008 నాటి నిబంధనల ప్రకారము ప్రతి టోలుగేటువద్ద రుసుము చెల్లించి పోవుచున్నాము. 2021 ఫిబ్రవరినుండి ఫాస్టాగు తప్పనిసరియైనది. బండి ఆగకముందే ఖాతాలోనుండి సొమ్ము పోవుచున్నది. సొమ్ము తీసికొనుటలో నింత చురుకుదనమున్నప్పుడు సేవ చేయుటలో నదియే చురుకుదనము కోరుట తప్పా? కేరళలోని పాలియెక్కర వద్ద దారి చెడి వాహనములు గంటలకొలది నిలిచిపోవుచుండగా, అచ్చటి హైకోర్టు 2025 ఆగష్టులో టోలు వసూలును ఆపించినది. సుప్రీముకోర్టు దానిని సమర్థించినది. రుసుము గైకొన్నవాడు సేవకు బాధ్యుడను సూత్రము అందు తేటపడినది.

ప్రభుత్వమువారు ఈ కొరతను ఎరుగకపోలేదు. జాతీయ రహదారుల సంస్థ ఐదేండ్లలో 600కు పైగా చోట్ల విశ్రాంతిస్థలములు నిర్మింతుమని 2021లోనే ప్రకటించినది. ఉద్దేశము మంచిది. కాని అంగడిని కేంద్రముగా పెట్టుకొని కట్టిన విశ్రాంతిస్థలమునకును, అలసినవానిని కేంద్రముగా పెట్టుకొని కట్టిన సత్రమునకును భేదము కలదు. మొదటిదానిలో కాఫీ కొనినవాడు అతిథి. రెండవదానిలో దాహము గలవాడు అతిథి.

ఇంతవరకు ప్రభుత్వపు బాధ్యత చెప్పితిమి. మన బాధ్యతను చెప్పకుండుట పక్షపాతమగును. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. ఈ మరణములలో నూటికి 71 వంతులు అతివేగముతో ముడిపడినవని ప్రభుత్వపు నివేదికయే చెప్పుచున్నది. ఆ యేడు సీటుబెల్టు పెట్టుకొనక మరణించినవారు 16,715 మంది. అందు సగమునకు సమీపముగా బండి నడుపనివారే. వెనుక కూర్చున్నవారికి బెల్టు అక్కరలేదను భ్రమ మనలో నింకను పోలేదు. నాయనమ్మ ఒడికి మించిన యాసనము శిశువునకు లేదని మనము నమ్ముదుము. ఇంటిలో నది నిజము. కారులో నది నిజము కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి అర మీటరు దూరములో ఆగెనేని, 10 కిలోల శిశువు సుమారు 200 కిలోల బరువుతో ముందునకు విసరబడును. ఏ నాయనమ్మ చేతులు దాని నాపగలవు? 14 ఏండ్లకు లోబడిన పిల్లలను బెల్టుతోగాని, తగిన శిశుపీఠముతోగాని కట్టి కూర్చుండబెట్టనివారికి 1,000 రూపాయల జుర్మానా విధించు 194-బి సెక్షను 2019లోనే చట్టములో చేరినది. జుర్మానాకు జడిసి కాదు, బిడ్డ మీది మమకారముతో దీనిని పాటింపవలెను.

మరియొకటి. జీతమునకు మోటారు నడుపువానిచేత రోజునకు 8 గంటలకు మించి పని చేయింపరాదని 1961 నాటి చట్టము సామాన్యనియమముగా శాసించినది. అట్లుండగా, సెలవు కలిసివచ్చునని ఒక్క పగటిలో హైదరాబాదునుండి జబ్బలుపూరు చేరవలెనని పదునాలుగు గంటలు చక్రము పట్టుకొను తండ్రి యే ధర్మము ననుసరించుచున్నాడు? పరులకొరకు శాసనము కోరిన జాగ్రత్త స్వంత తల్లికొరకు, బిడ్డలకొరకు అక్కరలేదా? 2025 ఫిబ్రవరిలో ప్రయాగ కుంభమేళాకు పోయిన మన కుటుంబములు కట్నీ, మైహరు, రేవా దారిలో గంటలకొలది నిలిచిపోయినవి. ఆ నెల 11వ తేదీన మేళానుండి తిరిగివచ్చుచున్న హైదరాబాదువారు ఏడుగురు జబ్బలుపూరు సమీపమున సిహోరావద్ద లారీ ఢీకొని అసువులు బాసిరి. ఆ తప్పెవరిదని తేల్చుట మా పని కాదు. అట్టి దారిలో త్వరకంటె ఓపికకు విలువ యెక్కువయని మాత్రము చెప్పుదుము.

కావున మా సూచన యిది. ప్రయాణవేగమును బండి నడుపువాడు గాక, బండిలోని పెద్దవారు నిర్ణయింపవలెను. ముసలమ్మ మోకాళ్లే మన గడియారము కావలెను. ఆమె కొరకు ఆగినచోటులందే పిల్లలకు దేశము కనబడును. సోన్ వంతెనపై ఆగినప్పుడు గోదావరిని గూర్చి ఆమెయే చెప్పును. నిర్మలలో పొణికికొయ్య బొమ్మలు చేయు చేతులను పిల్లలు చూతురు. పెన్‌గంగ దాటిన వెంటనే బోర్డులమీది యక్షరములు మారును. అయినను టీ కొట్టువాని యాదరము మారదు. జబ్బలుపూరువద్ద నర్మద, మీర్జాపురమువద్ద గంగ. ఆగక పోవువానికి ఇవి నాలుగు వంతెనలు. ఆగి పోవువానికి నాలుగు నదులు. భూగోళపుస్తకము పదేండ్లలో నేర్పని దేశభక్తిని ఈ నాలుగు నదులు మూడు దినములలో నేర్పును.

ప్రభుత్వమువారిని మేము కోరునది స్వల్పము. ప్రతి టోలుగేటువద్ద రాత్రింబగళ్లు తెరచియుండు మరుగుదొడ్డి, దానికి మెట్లులేని వాలుదారి, పట్టుకొన కమ్మి, ఉచితముగా మంచినీరు, కొనినను కొనకున్నను కూర్చుండుటకు నీడలో బల్లలు, కొట్టివేసిన చెట్లకు మారుగా బ్రతికియుండు చెట్లు. ఇవి యున్నవో లేవో ప్రజలు చూచి వ్రాయుటకు గేటువద్ద ఒక పుస్తకము. ఆపదలో పిలుచుటకు 1033 నెంబరు ఇప్పటికే కలదు. మరుగుదొడ్డి తాళము గూర్చియు ఆ నెంబరునకు చెప్పుట ప్రతి ప్రయాణికుడు అలవరచుకొనవలెను. ఫిర్యాదు చేయని ప్రజలకు తాళములే మిగులును.

అడవిలో పులి యర్జీ పెట్టుకొనలేదు. దాని పక్షమున నలుగురు మనుష్యులు మాటాడిరి, దారి వచ్చినది. మన తల్లులును అర్జీ పెట్టుకొనరు, దాహము లేదందురు. వారి పక్షమున మాటాడవలసినవారము మనమే.