ఒలిచిన తోలు కావాలి, ఒలిచినవాడు వద్దు

2025 దసరా సెలవుల్లో సూరత్ వెళ్ళాను. లింబాయత్‌లో మా మేనత్త కొడుకు కుటుంబం ఉంటుంది. మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు ఆ చుట్టుపక్కల తరాలుగా స్థిరపడ్డారు. వాళ్ళలో ఎక్కువమంది పద్మశాలీలు. మా మాదిగ ఇళ్ళు కొద్ది. ఈ కుటుంబాల పిల్లల కోసమే సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. అలాంటి బడిలోనే చదువుకున్న మా బావ కొడుకు ఇప్పుడు డుమస్ రోడ్డు వైపు ఖరీదైన కార్లు అమ్మే ఒక షోరూంలో పనిచేస్తున్నాడు. "మామా, ఒక్కసారి వచ్చి చూసి పో" అంటే వెళ్ళాను.

అక్కడ నన్ను ఆపేసింది కారు కాదు. కారుతో పాటు చూపించే జాబితా.

ఇంత ధర పెట్టి కారు కొంటే అన్నీ అందులోనే వస్తాయనుకునేవాణ్ణి. కాదు. కారు ధర మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. పెయింటు మామూలుదా, ప్రత్యేకంగా కలిపించిందా? చక్రాలు ఎన్ని అంగుళాలు? బ్రేకులు ఉక్కువా, సిరామిక్‌వా? సైలెన్సర్ చప్పుడు ఎలా ఉండాలి? స్పీకర్లు ఏ కంపెనీవి? సీటుబెల్టు ఏ రంగు? సీటు కుట్టుకు వాడే దారం ఏ రంగు? ప్రతి ప్రశ్నకూ ఒక ధర. టాబ్లెట్ మీద వేలితో జరుపుతూ మావాడు ఒకచోట ఆగాడు. "ఈ దారం రంగు మార్చే పైసలు సంపాదించాలంటే మా నాన్న మగ్గం దగ్గర నెలల తరబడి నిలబడాలె మామా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

తర్వాతి పేజీ తోలుది. ఎన్ని రకాలు, ఎన్ని రంగులు! మెత్తటి నప్పా తోలు, సన్నటి రంధ్రాలు పొడిచిన తోలు. సీట్లకే కాదు, డాష్‌బోర్డుకు, తలుపులకు, స్టీరింగుకు కూడా తొడిగే తోలు. "కొందరు తోలే వద్దంటరు మామా. ఇంట్ల పెద్దమనుషులు మైల పడతమంటరట. వాళ్ళకు తోలులెక్కనే కనిపించే వేరే సరుకు ఉన్నది. ఎక్కువమంది మాత్రం అసలు తోలే కావాలంటరు" అని చెప్పాడు. మామూలు తోలు, మేలు రకం తోలు, తోలు కాని తోలు. కొనేవాడి నిష్ఠకు, అభిరుచికి తగ్గట్టు అన్నీ ఉన్నాయి. వీటన్నిటికీ కలిపి వాడే మాట ఒక్కటే. ఆప్షన్.

ఆ మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. కులం అంటే ఏమిటని విద్యార్థులు అడిగినప్పుడల్లా పెద్ద పెద్ద నిర్వచనాలు చెబుతుంటాను. ఇకమీద చిన్న నిర్వచనం చెబుతాను. కులమంటే ఆప్షన్ లేకపోవడం. 1936లో 'కులనిర్మూలన'లో బాబాసాహెబ్ చెప్పింది ఇదే. కులం పనిని విభజించదు, పనిచేసే మనుషుల్ని విభజిస్తుంది. ఎవరి ఇష్టాన్నీ, సామర్థ్యాన్నీ అడగకుండా పుట్టుకతోనే పని అంటగడుతుంది. దారం రంగు కూడా ఎంచుకోగల మనిషి ఒకవైపు, బతుకుతెరువు కూడా ఎంచుకోలేని మనిషి మరోవైపు ఉన్న దేశం మనది.

మా తాతకు ఆప్షన్ లేదు. ఊళ్ళో గొడ్డు చస్తే కబురు మా ఇంటికే వచ్చేది. ఈడ్చుకెళ్ళడం, ఒలవడం, సున్నంలో నానేయడం, వెంట్రుక గీకడం, లందలో తంగేడు చెక్క నీళ్ళలో ఊరబెట్టడం, ఆరబెట్టడం, మెత్తబరచడం అన్నీ ఆయన పనే. చెప్పులు, మోటబొక్కెన, ఎద్దుల పట్టెడలు, డప్పు ఆ తోలులోంచే వచ్చేవి. ఊరి వ్యవసాయం ఆ బొక్కెనతో తోడిన నీళ్ళ మీద నడిచింది. ఆ నీళ్ళకు మైల లేదు. బొక్కెన కుట్టిన చేతికి ఉంది. రసాయనశాస్త్రం చదువుకున్నవాళ్ళు మా తాత చేసిన పనిని వృక్షజన్య టానిన్లతో చర్మశుద్ధి అంటారు. ఊళ్ళో దాన్ని కంపు అన్నారు. అదే శాస్త్రం ఫ్యాక్టరీలోకి వెళ్ళి, జాబితాలో అచ్చయి వచ్చేసరికి హుందాతనం అయింది.

నిజం చెప్పాలి కాబట్టి ఒక మాట. ఆ షోరూంలోని సీట్ల తోలు మా ఊరి గొడ్డుది కాదు. ఖరీదైన యూరప్ కార్లకు వాడే తోలు చాలావరకు అక్కడి పశువులదే, అక్కడి ఫ్యాక్టరీల్లో శుద్ధి చేసిందే. అయినా నా ప్రశ్న పోదు. జర్మనీలో తోలు పని ఒక పరిశ్రమ. అది చేసినవాడి పిల్లలను బావి దగ్గరికి రావద్దని ఎవరూ అనరు. ఇక్కడ అది కులం. అంటే అంటు తోలులో లేదు, ఎన్నడూ లేదు. అంటు ఉన్నది మనిషిని చూసే చూపులో. లక్షలు పోసి తోలు మీద కూర్చుంటున్న ప్రతి సవర్ణ కుటుంబం తనకు తెలియకుండానే ఈ సంగతి ఒప్పుకుంటోంది.

తోలునూ కారునూ పక్కపక్కన పెట్టి గుజరాత్ గురించి రాస్తూ ఊనాను తలవకుండా ముందుకు పోలేను. 2016 జులై 11న గిర్ సోమనాథ్ జిల్లా మోటా సమధియాలాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళితుల మీద గోరక్షకులమని చెప్పుకునేవాళ్ళు దాడి చేశారు. ఆవును చంపారన్నది ఆరోపణ. నలుగురు యువకులను ఊనా పట్టణానికి తెచ్చి, చొక్కాలు విప్పించి, కారుకు కట్టేసి, జనం చూస్తుండగా కర్రలతో బాదారు. ఆ వీడియో దేశమంతా చూసింది. చాలామందికి అందులో వీపులు గుర్తుండి ఉంటాయి. నాకు ఆ కారు కూడా గుర్తుంది. తోలు ఒలిచినవాడికి కారుతో ఏర్పడిన సంబంధం అది.

దానికి గుజరాత్ దళితులు ఇచ్చిన జవాబు కూడా అంతే గుర్తుంచుకోవాలి. సురేంద్రనగర్‌లో పశువుల కళేబరాలను తెచ్చి కలెక్టర్ కార్యాలయం ముందు పడేశారు. మీ తల్లి అంటున్నారు కదా, మీరే చూసుకోండి అన్నారు. ఆగస్టు 5న అహ్మదాబాద్ నుంచి బయల్దేరిన అస్మితా యాత్ర 15న ఊనా చేరింది. ఇక గొడ్డు ఎత్తబోమని దారి పొడవునా ప్రతిజ్ఞలు చేశారు. దానితో పాటు ప్రతి కుటుంబానికీ అయిదెకరాల భూమి అడిగారు. వాళ్ళు అడిగింది జాలి కాదు. పని మానేసే హక్కు, మానేశాక బతికే దారి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆప్షన్.

ఇది కొత్త డిమాండు కాదు. 1956 అక్టోబర్ 15న నాగపూర్ ప్రసంగంలో బాబాసాహెబ్ ఒక పాత వాదాన్ని గుర్తు చేశారు. చచ్చిన గొడ్ల కొమ్ములు, గిట్టలు, తోలు మీద ఏడాదికి వందల రూపాయలు వస్తాయి, ఆ ఆదాయం ఎందుకు వదులుకుంటారని కొందరు దళితులకు హితవు చెప్పారు. అంత లాభమైతే మీరే చేసుకోండి, పైగా నేనూ డబ్బిస్తానని ఆయన ఎదురు జవాబిచ్చారు. ఆ బేరానికి ఎవరూ ముందుకు రాలేదు.

బండికీ కులానికీ ఉన్న లంకె ఆయన బాల్యం నుంచే మొదలవుతుంది. 1901లో తండ్రిని చూడ్డానికి అన్నతో కలిసి మసూర్ స్టేషన్‌లో దిగిన పిల్లవాడు మహర్ అని తెలియగానే బండివాళ్ళు ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, ఎడ్లను పిల్లలే తోలుకునేట్టు, బండివాడు పక్కన నడిచేట్టు ఒప్పందం కుదిరింది. 1929లో, విదేశాల్లో పట్టాలు పొంది వచ్చిన బారిస్టరుకు, చాలీస్‌గావ్‌లో టాంగావాళ్ళు అదే మాట చెప్పారు. బండి ఇస్తాం కానీ తోలము అన్నారు. అలవాటు లేని మనిషి తోలితే టాంగా వంతెన దగ్గర బోల్తాపడి ఆయన కాలు విరిగింది. డబ్బు ఉంది, చదువు ఉంది. బండి మాత్రం తోలేవాడి కులాన్ని దాటి రాలేదు. ఈ దేశంలో దళితుడు ఎక్కువ డబ్బిచ్చి తక్కువ కొనుక్కున్న కథలు ఇలాంటివి ఎన్నో.

సూరత్‌లో కార్ల మాట ఎత్తితే దీపావళి కానుకల కథ చెప్పకుండా ఎవరూ వదలరు. హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ అనే వజ్రాల సంస్థ 2014లో 491, 2016లో 1,260, 2018లో 600 కార్లు ఉద్యోగులకు బోనస్‌గా ప్రకటించింది. 2018లోనే పాతికేళ్ళు పనిచేసిన ముగ్గురికి మెర్సిడెస్ కార్లిచ్చింది. అందుకున్నవాళ్ళ సంతోషాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ వార్త చదివి మురిసిపోయే మధ్యతరగతిని ఒకటి అడగాలి. కానుక యజమాని ఇష్టం, వేతనం కార్మికుడి హక్కు. మనం దేన్ని వార్త చేస్తున్నాం? సూరత్‌లో రాయి కోసే చాలామందికి నెల జీతం ఉండదు. రాయికి ఇంతని లెక్క. రాయి రాకపోతే ఆదాయం లేదు. గిరాకీ పడిపోయి పని పోయినవాళ్ళ పిల్లల బడి ఫీజు కోసం 2025 మేలో గుజరాత్ ప్రభుత్వం సాయం ప్రకటించాల్సి వచ్చింది. ఏడాదికి గరిష్ఠంగా 13,500 రూపాయలు. ఆ ఊళ్ళోనే, నేను చూసిన జాబితాలో ఆ డబ్బుకు వచ్చే వస్తువు వేళ్ళ మీద లెక్కపెట్టేంత కూడా లేదు.

ప్రభుత్వం ఎవరి వైపు చేయి చాస్తుందో పన్నుల లెక్క చెబుతుంది. 2025 సెప్టెంబర్ 22కు ముందు పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ 28 శాతం, సెస్సు 22 శాతం, మొత్తం 50 శాతం పన్ను ఉండేది. ఆ రోజు నుంచి అది 40 శాతం. చిన్న కార్లకూ పన్ను తగ్గిందన్నది నిజమే. కానీ రేటు తగ్గితే కోటి రూపాయల బండి కొనేవాడికి మిగిలేది లక్షల్లో ఉంటుంది. ఫ్యాక్టరీలో బిగించిన ఆప్షన్లు కూడా కారు విలువలో భాగమే కాబట్టి తోలుకూ దారానికీ అదే తగ్గింపు వర్తిస్తుంది. కారును కంపెనీ పేరున కొంటే దాని విలువలో ఏటా 15 శాతం తరుగుదల చూపి పన్ను కట్టాల్సిన ఆదాయాన్ని తగ్గించుకోవచ్చు. ఇదే సమయానికి కేంద్రం ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు దళిత విద్యార్థి కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. అంతకు మించి ధర ఉన్న స్పీకర్ల సెట్టు ఆ జాబితాలో ఉంది. ఒక కుటుంబం ఏడాదంతా బతికే డబ్బు ఒక కారులో పాట వినడానికి సరిపోదు. మురుగు గుంటలో చనిపోయిన పారిశుధ్య కార్మికుడి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్ని కార్లలో ఆప్షన్లే అంత అవుతాయి.

ఇక్కడ నా విద్యార్థులు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "అయితే సార్, మనం కారు కొనకూడదా?" కొనాలి. దళితుడు సాదాగా బతకాలని బోధించే హక్కు ఎవరికీ లేదు. ఊరంతా గోచీతో ఉండమన్నప్పుడు బాబాసాహెబ్ సూటు వేసుకున్నారు. పెళ్ళికొడుకు గుర్రం ఎక్కితే రాళ్ళేసే ఊళ్ళున్న దేశంలో మనవాడు మంచి బండి ఎక్కడం చిన్న విషయం కాదు. నాకు కారు మీద కోపం లేదు. మావాడు రేపు అదే షోరూంలో కస్టమరుగా కూర్చుంటే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ ఒక్కడు కారెక్కితే లంద మాయం కాదు. మన గెలుపును కార్ల సంఖ్యతో కొలవడం మొదలుపెడితే, గొడ్డు ఎత్తేవాణ్ణీ గుంటలోకి దిగేవాణ్ణీ వెనక వదిలేసి వెళ్ళిపోయినట్టే.

కాబట్టి అడగాల్సినవి వేరే ఉన్నాయి. తోలు పనివారికి, పారిశుధ్య కార్మికులకు ఆ పని వదిలి వెళ్ళగల భూమీ పెట్టుబడీ ఇవ్వాలి. ఆ పనిలోనే ఉండాలనుకునేవారికి యంత్రాలూ, పరిశ్రమ కార్మికుడి వేతనమూ గౌరవమూ దక్కాలి. విలాస వస్తువుల మీద వచ్చే పన్నులో నిర్దిష్ట వాటా దళిత విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు కేటాయించాలి, ఆదాయ పరిమితిని నేటి ధరలకు తగ్గట్టు పెంచాలి. విశ్వవిద్యాలయాల్లో మనవాళ్ళు చేయాల్సిన పని మరొకటుంది. తోలు చరిత్ర రాయాలి. ఏ కులం చేతిలో అది మైల, ఏ ఫ్యాక్టరీ గేటు దాటాక అది విలాసం, ఆ మధ్యలో విలువ ఎవరి జేబులోకి పోయింది అన్నది పరిశోధన చేయాల్సిన ప్రశ్న. తంగేడు చెక్క వాసన తెలిసిన ముసలివాళ్ళు మన ఇళ్ళలో ఇంకా కొందరున్నారు. వాళ్ళు పోకముందే రాసుకోవాలి.

షోరూం నుంచి బయటికి వస్తుంటే మావాడు అడిగాడు. "తాత ఉంటే ఈ తోలును చూసి ఏమనేటోడు మామా?" మా తాత ఏ తోలు దొరికినా ముందు బొటనవేలితో నొక్కి చూసేవాడు. తర్వాత వాసన చూసి, ఊరింది సరిగ్గా ఊరిందో లేదో చెప్పేవాడు. ఆ షోరూంలోనూ అదే చేసేవాడు. ఆ సీటు మంచి చెడ్డలు అక్కడున్న అందరికంటే ఆయనకే బాగా తెలుస్తాయి. ఆయన్ని లోపలికి రానిస్తే.

జై భీమ్.