గృహవిజ్ఞానము: వెనుకగదికి వైఫై

చిన్న ఫ్లాటులలో రౌటరు తఱచుగా ముందుగదిలో, టెలివిజను ప్రక్కనే యుండును. తీగ లాగవచ్చిన పనివాడు వీధితలుపునకు దాపున, తనకు సులువైన చోట దానిని బిగించి పోవును. పిమ్మట నెవ్వరును దానిని కదల్పరు. ముందుగదిలో కూర్చుండి క్రికెట్టు చూచువారికి లోటు లేదు. వెనుకగదిలో తలుపు మూసికొని పాఠము వినుచున్న బాలికకు మాత్రము ఉపాధ్యాయుని మాట నడుమనడుమ తెగిపోవుచుండును. మార్కులు తగ్గినపుడు ఇంటివారు పిల్లకు శ్రద్ధ లేదని మందలింతురు. సోదరీమణులారా! ఈ లోపము పిల్లది కాదు, పెట్టె యున్న చోటిది.

మొదట దోషమెక్కడనో తెలిసికొనవలెను. ఫోనుతో రౌటరు చెంత నొకసారి, వెనుకగదిలో తలుపు మూసి యొకసారి వేగమును కొలిచి వ్రాసికొనుడు. చెంతనే వేగము చాలకున్నచో కంపెనీవారికి తెలుపవలెను. చెంత బాగుగ నుండి వెనుకగదిలో పడిపోయినచో లోపము మన యింటిలోనిదే. అట్టిచో ఎక్కువ చందా కట్టుటవలన ఫలము స్వల్పము.

వైఫై యనునది రేడియోతరంగమే. దీపపు వెలుగువలె నది నలుదెసలకు వ్యాపించును. ఆరుబయట దూరము రెండింతలైనచో బలము నాలుగవపాలగును. ఇంటిలో గోడలు దానిని మఱింత హరించును. చెక్కతలుపు కొంచెమును, ఇటుకగోడ అంతకంటె నెక్కువయు, ఇనుపకమ్ములు వేసిన కాంక్రీటు మిక్కిలి యెక్కువయు హరించును. ఇనుపబీరువా, ఫ్రిజ్జి, నిలువుటద్దము తరంగములను వెనుకకు మరల్చును. నీరు వానిని పీల్చును గాన నీళ్లడ్రమ్ము చాటున పెట్టె నుంచరాదు.

కావున రౌటరును ఇంటి నడుమ, గదులు కలియు చోట, బీరువాకు దూరముగా, మనిషి భుజమంత యెత్తున, బయలుగా నుంచవలెను. అందమునకై అలమారలో మూయుటయు, టెలివిజను వెనుక దాచుటయు తగదు. యాంటెనాలను నిలువుగా నిలుపుడు. అట్లుంచినచో తరంగము క్రిందుమీదులకంటె ప్రక్కలకు ఎక్కువగా పోవును. ఒకే అంతస్తులోని ఇంటికి కావలసినది అదియే. ఫైబరుతీగ గాజుపోగు గనుక దానిని మడువరాదు. పెట్టెను జరుపుటకు తీగ చాలకున్నచో కంపెనీవారినే పిలిపింపవలెను.

రౌటర్లు పెక్కింటిలో రెండు పట్టీలుండును. 2.4 గిగాహెర్ట్జుల పట్టీ వేగము తక్కువదైనను గోడలను దాటి దూరము పోవును. 5 గిగాహెర్ట్జులది వేగముగలదే కాని గోడలయొద్ద త్వరగా నీరసించును. ముందుగది టెలివిజనునకు 5ను, గోడ చాటు గదికి 2.4ను ఇచ్చుట మేలు. అపార్టుమెంటులో ఇరుగుపొరుగుల రౌటర్లును 2.4లోనే పలుకుటచే గందరగోళము కలుగును. ఆ పట్టీలో 1, 6, 11 సంఖ్యల చానళ్లు ఒకదానితో నొకటి పెనగులాడవు. వీనిలో రద్దీ తక్కువదానిని ఎంచుకొనవలెను. మైక్రోవేవు పొయ్యియు ఇంచుమించు 2.45 గిగాహెర్ట్జులలోనే పనిచేయును. అది నడచుచుండగా వంటయింట మాట తెగినచో ఫోనును 5 పట్టీకి మార్చి చూడుడు.

ఇంతటితో తీరనిచో చదువుబల్లవఱకు ఈథర్నెట్టు తీగ లాగించుట ఉత్తమము. అది 100 మీటర్లవఱకు పనిచేయును. తీగ కుదురనిచో రిపీటరు పెట్టవచ్చును. దానిని సిగ్నలు లేని గదిలో గాక, సిగ్నలు ఇంకను బాగున్న నడిమిచోట నుంచవలెను. తనకు వినబడనిదానిని అది యితరులకు చెప్పజాలదు గదా! ఒకే పట్టీపై విని, ఆ పట్టీపైనే చెప్పు రిపీటరు వేగమును ఇంచుమించు సగము చేయును.

నెలచందా ఇంటిల్లిపాదికొఱకు కట్టుచున్నాము. దాని ఫలము ముందుగదిలోనే యాగిపోవుట న్యాయము కాదు. ఈ ఆదివారము ఫోను చేతబట్టి గదిగదియు తిరిగి చూడుడు. పెట్టె యెక్కడ నుండవలెనో నిర్ణయించునపుడు, వెనుకగదిలో చదువుకొను పిల్లను గూడ పిలిచి యడుగుడు.