గొడ్డుటావు అని ఎవరన్నారు?

నేను పశువైద్యంలో డిప్లొమా చదివాను. ఈ మాట చెప్పగానే సాహిత్య సభల్లో చదువుకున్న అక్కలు "అయ్యో, డాక్టరువి కావా?" అంటారు. మా పెద్దపంజాణి మండలంలోనేమో "ఆడబిడ్డ ఆవు ఎనకాల చెయ్యి పెట్టేదేమి?" అంటారు. ఈ రెండు చిన్నచూపుల మధ్య నాకు పెద్ద తేడా కనిపించదు.

అసలీ చదువెందుకు చదివానో చెప్పాలి. మా ఇంట్లో ఒక జెర్సీ ఆవుండేది. పేడెత్తడం, గడ్డి కోసుకురావడం, రెండు పూటలా పాలు పితకడం అంతా అమ్మే. పాల డబ్బుల పుస్తకంలో మాత్రం నాన్న పేరు. ఒకరోజు తెల్లవారుజామున ఆవు అరుస్తూ తీగలు వేసింది. ఎదకొచ్చిందని అమ్మకు వెంటనే తెలిసింది. కానీ ఆ మాట పరాయి మగవాడికి ఆడది ఎలా చెబుతుంది? నాన్న టమోటాలు తీసుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయాడు. మర్నాడొచ్చి, సూదివేసే అతన్ని పిలుచుకొచ్చేసరికి పొద్దు దాటిపోయింది. పొద్దున ఎద కనబడితే సాయంత్రానికి వీర్యదానం చెయ్యాలి. తప్పితే మళ్ళీ ఇరవయ్యొక్క రోజులు ఆగాలి. ఇలా మూడుసార్లు జరిగింది. చివరికి అది గొడ్డుటావన్నారు. సంతలో అమ్మేశారు. అప్పు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

గొడ్డుటావు, గొడ్రాలు. మన భాషలో ఈ రెండు మాటలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి! ఇద్దరి విషయంలోనూ తప్పెక్కడుందో ఎవరూ పరీక్షించరు. పేరు మాత్రం పెట్టేస్తారు.

పదో తరగతి తర్వాత రెండేళ్ళ డిప్లొమా. క్లాసులో అమ్మాయిలం తక్కువేం లేము. కానీ ప్రాక్టికల్సు దగ్గర మాకు రిజిస్టర్లిచ్చారు, అబ్బాయిలకు గ్లవ్స్ ఇచ్చారు. "నువ్వు రాసుకోమ్మా, దీనికి బలం కావాలి" అన్నారొక సారు. గొడవపడి చెయ్యి పెట్టాను. ఎడమచెయ్యి భుజందాకా పేగులోకి పోనిచ్చి, పేగు గోడ మీంచి గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకోవాలి. కుడిచేత్తో గన్ను నెమ్మదిగా నడిపించాలి. ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గరున్న వీర్యపు గొట్టాన్ని అంతకుముందే 37 డిగ్రీల నీళ్ళలో కరిగించుకోవాలి. ఇందులో కావలసింది వేళ్ళ కొసల్లో తెలివి, ఓపిక. రోజూ పొదుగు తడిమే మా అమ్మ చేతికి ఆ రెండూ లేవా?

ఇది మా ఊరి మూఢత్వం మాత్రమే కాదు. ఐర్లండ్‌లో పుట్టిన ఎలీన్ కస్ట్ 1900లోనే ఎడింబరోలో పశువైద్యం చదువు పూర్తిచేసింది. ఆమెను వృత్తిలోకి గుర్తించడానికి రాయల్ కాలేజీకి 1922 దాకా పట్టింది. ఆ మధ్యకాలమంతా ఆమె పశువులకు వైద్యం చేస్తూనే ఉంది. అంటే పని చెయ్యడానికి ఎవరికీ అభ్యంతరం లేదు, పేరు ఇవ్వడానికే అభ్యంతరం!

మన దగ్గరా అదే నడుస్తోంది. ఊరూరా సూదులు వేసేవాళ్ళకు ప్రభుత్వం పెట్టిన పేరు 'గోపాలమిత్ర'. పాలు పితికి, చిలికి, అమ్మింది గోపికలు. స్నేహితుడు మాత్రం గోపాలుడు! తర్వాత స్త్రీల కోసం 'పశుసఖి' వచ్చింది. 2021లో కేంద్ర పశుసంవర్ధక, గ్రామీణాభివృద్ధి శాఖలు కలిసి ఈ సఖులను 'ఎ-హెల్ప్' పేరుతో విస్తరించడానికి ఒప్పందం చేసుకున్నాయి. మంచిదే. కానీ సఖికి జీతం ఉండదు, గౌరవ పారితోషికం ఉంటుంది. ఆడవాళ్ళ శ్రమను సేవ అని, స్నేహమని పిలిస్తే జీతం ఇవ్వక్కర్లేదన్న పాత లెక్కే కదా ఇది?

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం డిప్లొమా వాళ్ళు రిజిస్టర్డ్ డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి సేవలే చెయ్యాలి. టీకాలు వెయ్యడం, గాయాలకు కట్టు కట్టడంలాంటివి. శిక్షణను బట్టి హద్దులుండటం నాకు అభ్యంతరం కాదు. ఆ హద్దుల లోపల కూడా ఆడపిల్లకు వేరే హద్దు గీయడమే నా అభ్యంతరం.

ఇక మనవాళ్ళ సంగతి. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా చూసింది. మూడడుగుల మా ఆవుకు అంత పేరొచ్చింది. పలమనేరు పరిశోధనా కేంద్రం ఆ జాతిని కాపాడుతోందని చెప్పుకుంటున్నాం. ఇళ్ళల్లో వాటిని సాకిన స్త్రీల ఊసు ఎక్కడైనా విన్నారా? కవిత్వంలో ఆవును తల్లిని చేశాం, సాధుత్వానికి ప్రతీకను చేశాం. కొట్టంలో పేడకాళ్ళతో నిలబడ్డ మనిషిని మాత్రం మనం కూడా చూడలేదు. స్త్రీ శరీరం గురించి మాట్లాడే హక్కు కోసం ఇన్నేళ్ళు పోరాడిన మనం, ఆవు శరీరం గురించి నోరు విప్పలేక నష్టపోతున్న స్త్రీ గురించి ఎందుకు రాయలేదు?

నాకు కావలసినవి పెద్ద కోరికలేం కాదు. ప్రాక్టికల్సులో ఆడపిల్లల చేతికి గ్లవ్స్ ఇవ్వాలి. పాల పుస్తకంలో పితికేవాళ్ళ పేరు రాయాలి. పశుసఖికి జీతం ఇవ్వాలి. ఊళ్ళో ఆడవాళ్ళు సిగ్గుపడకుండా పిలవగలిగే ఒక ఆడమనిషి, చదువుకున్న ఆడమనిషి, ప్రతి పశువుల ఆసుపత్రిలో ఉండాలి.

ఇప్పుడు మా వీధి ఆడవాళ్ళు తెల్లవారకముందే నాకు ఫోన్ చేస్తారు. "పాపా, ఆవు ఎదకొచ్చింది, బిన్నా రా." ఆ మాట మా అమ్మ ఆరోజు అనగలిగి ఉంటే, ఆ ఆవు మా కొట్టంలోనే ఈని ఉండేది.