ధర్మాసుపత్రియు జమాఖర్చును

ప్రభుత్వ వైద్యాలయమును మనవారు తరతరములుగా ధర్మాసుపత్రి యని పిలుచుచు వచ్చిరి. ఆ పేరు పెట్టినది ఏ శాసనసభయు గాదు. రూక చెల్లింపకయే చికిత్స పొందిన బీదప్రజలు పెట్టినది. అందు కృతజ్ఞత గలదు. దానితోబాటు ఒక యపోహయు గలదు. ధర్మముగా జరుగు పనికి ఖర్చు లేదను భావమే ఆ యపోహ. మందు ఊరక రాదు. ప్రాణవాయువు ఊరక రాదు. రాత్రియంతయు మేల్కొని రోగిని కనిపెట్టియుండు నర్సు జీతము ఊరక రాదు. రోగి ఇయ్యలేనిచో మఱియొకరు ఇయ్యవలెను. ఆ యిచ్చువారెవరు? సకాలమున ఇచ్చుచున్నారా? ఇచ్చిన ధనము ఎచటికి పోవుచున్నది? ఈ మూడు ప్రశ్నలకును నిష్కపటముగా సమాధానము చెప్పగలది యే ధర్మాసుపత్రి యని మా యభిప్రాయము. చెప్పలేనిది, దాని గుమ్మముపై ఏ మహనీయుని పేరు చెక్కబడియున్నను, ఆ పేరునకు తగదు.

పరప్రభుత్వము 1943లో నియమింపగా 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘము, వెల చెల్లింపజాలని కారణమున ఏ వ్యక్తికిని తగిన వైద్యము దొరకకపోరాదని సిద్ధాంతము చేసెను. స్వరాజ్యము ఆ సిద్ధాంతమును ఎంతవరకు నిలుపుకొన్నది? 2025 నాటికి ప్రభుత్వముల వైద్యవ్యయము దేశపు స్థూలోత్పత్తిలో నూటికి రెండున్నర వంతులకు చేరవలెనని 2017 నాటి జాతీయ ఆరోగ్యవిధానము సంకల్పించినది. 2021-22 లెక్కలలో అది 1.84 వంతు మాత్రమే. ఆ సంవత్సరము దేశమున ఆరోగ్యమునకై వ్యయమైన ప్రతి నూరు రూపాయలలో 39 రూపాయలకు పైగా కుటుంబములు తమ సంచి విప్పి స్వయముగా చెల్లించినవి. 2013-14లో ఈ భారము 64 రూపాయలుగా నుండెను. తగ్గినమాట నిజము, సంతోషింపవలసినదే. కాని సగటు లెక్కలో 39గా కనబడునది, మంచముపట్టిన వాని యింట ఎకరము పొలమై, ఇల్లాలి మెడలోని పుస్తెలతాడై తీరుచున్నది.

ఈ యాపదను తొలగించుటకే 2007లో ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ ఆరంభమైనది. ప్రైవేటు ఆసుపత్రి తలుపు బీదవానికి తెరువబడవలెను, వెల ప్రభుత్వము చెల్లింపవలెను, ఇదియే దాని సూత్రము. పెద్దాసుపత్రి మెట్టు ఎన్నడు నెక్కని కూలివాడు గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని తన కాళ్లపై నడచి యింటికి వచ్చినాడు. ఈ మేలును కాదనుట కృతఘ్నత యగును. రాష్ట్రము రెండైన పిదప ఉభయ ప్రభుత్వములును ఒకదానిని మించి యొకటి పరిమితిని పెంచినవి. 2023 డిసెంబరులో తెలంగాణమున అది 10 లక్షలైనది. ఆ నెలలోనే ఆంధ్రప్రదేశమున 25 లక్షలైనది. తరువాత నేమి జరిగినది? తమకు రావలసిన బకాయిలు చెల్లింపలేదని 2025లో ఉభయ రాష్ట్రములందును ప్రైవేటు ఆసుపత్రుల సంఘములు ఈ సేవలను నిలిపివేసినవి.

పరిమితి ప్రకటించుట ఒక దినపు పని. బిల్లు చెల్లించుట ప్రతిదినపు పని. మొదటిదానికి సభలును పూలదండలును గలవు, రెండవదానికి లేవు. కావుననే అది వెనుకబడుచున్నది. జిల్లా పట్టణములో ఏబది పడకలతో నడచు చిన్న ఆసుపత్రి మాట తలపుడు. ప్రభుత్వబిల్లు నెలల తరబడి రాకున్నను బ్యాంకు వడ్డీ ఆగదు. విద్యుచ్ఛక్తి రుసుము ఆగదు. మందుల వర్తకుడు అరువు నిలిపివేయును. సిబ్బంది జీతములు వెనుకబడును. నగరములోని మహాసంస్థ ధనవంతులైన రోగుల యాదాయముతో నెట్టుకొనిపోగలదు. చిన్నది మూతపడవలెను, లేదా కార్డుతో వచ్చిన బీదవానిని త్రిప్పి పంపవలెను. "పడక ఖాళీ లేదు" అని గుమాస్తా చెప్పును. ఆ యబద్ధమాడినది గుమాస్తా, ఆడించినది ఖజానా. రోగి నిందించునది మాత్రము వైద్యుని.

అటులని ఆసుపత్రుల యజమానులను నిర్దోషులుగా నెంచుటకు మేము సిద్ధముగా లేము. గుండె రక్తనాళములో నుంచు స్టెంటు సంగతి చూడుడు. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వ ధరల నియంత్రణాధికారులు మందుపూత గల దానికి 29,600 రూపాయలనియు, పూత లేని దానికి 7,260 రూపాయలనియు గరిష్ఠ ధర విధించిరి. అంతకుముందు పూతగల స్టెంటునకు లక్షకు పైబడి వసూలగుచుండెను. ఆ లాభములో పెద్దపాలు ఆసుపత్రులకే చేరుచుండెనని ఆ యధికారుల లెక్కలే తేల్చినవి. బల్లపై పరుండి, ఛాతీలో నొప్పితో మూల్గుచున్నవాడు బేరమాడునా? బేరమాడలేని వాని యొద్ద ఇష్టమువచ్చిన వెల గుంజుట వర్తకనీతికిని విరుద్ధమే. వైద్యనీతి మాట చెప్పనేల?

ఇంతకన్న ఘోరమైనది అక్కరలేని చికిత్స. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రములలో బీదస్త్రీలకు అనవసరముగా గర్భసంచులు తొలగింపబడినవన్న వ్యాజ్యమున 2023లో సుప్రీంకోర్టు కలుగజేసుకొని, ఇట్టివానిని అరికట్టు నియమములను మూడు నెలలలో అమలుపరుపుడని రాష్ట్రముల నాదేశించినది. ఒక్కొక్క శస్త్రచికిత్సకు ఇంత మొత్తమని ప్రభుత్వమో భీమాసంస్థయో నిర్ణయించి చెల్లించుచోట, కత్తి పట్టినకొలది ఆదాయము పెరుగును. మందుతో నయమగు రోగము నచట శస్త్రసాధ్యముగా కనబడును. రోగిని పంపిన వైద్యునకు కమీషను ముట్టజెప్పుటను 2002 నాటి వైద్యమండలి నీతినియమములు స్పష్టముగా నిషేధించినవి. ఆ నిషేధము ఎంతవరకు పాటింపబడుచున్నదో పట్టణవాసులైన మా పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

ప్రభుత్వము వద్ద చౌకగా భూమి పొందిన ఆసుపత్రుల కథ వేఱు. ఢిల్లీలో నట్టి ఆసుపత్రులు లోపలిరోగులలో నూటికి పదిమందికిని, బయటిరోగులలో నూటికి ఇరువదియైదుగురికిని ఉచితముగా చికిత్స చేయవలెనన్న షరతును 2018లో సుప్రీంకోర్టు స్థిరపఱచినది. భూమిని దానముగా గైకొన్నవాడు దానిపైని ధర్మమును నెరవేర్చుటకు న్యాయస్థానము దాక రావలసివచ్చుట లజ్జాకరము.

ధర్మమును పట్టుకొన్నచో ఆసుపత్రి దివాలా తీయునని కొంద ఱందురు. వారికి మదురను చూపెదము. 1976లో ఉద్యోగవిరమణ చేసిన నేత్రవైద్యుడు గోవిందప్ప వెంకటస్వామి, వాతరోగమున వ్రేళ్లు వంకరపోయినను కత్తి విడువక, అచట పదునొకండు పడకలతో అరవింద నేత్రవైద్యాలయమును నెలకొల్పెను. ఇయ్యగలవారు వెల యిత్తురు. ఇయ్యలేనివారికి ఉచితముగానో స్వల్పవ్యయముతోనో చికిత్స జరుగును. పల్లెల బాలికలకు తరిఫీదునిచ్చి సహాయకులుగా నిలిపి, వైద్యుని గడియ యొక్కటియు వ్యర్థము గాకుండ పని నడపిరి. కంటిలో నమర్చు కటకమునకు విదేశముల వెల తాళలేక 1992లో తామే తయారుచేయ మొదలిడిరి. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదున నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థయు బీదలకు ఉచితముగా చికిత్స చేయుచునే పేరెన్నిక గన్నది. ఈ సంస్థలు నిలిచినది దయవలన మాత్రమే కాదు. ఒక్క రూకయు వృథాపోనీయని లెక్కవలన.

కన్ను వేఱు, గుండె వేఱని ప్రతివాదులు చెప్పుదురు. ఆ మాటలో సత్యము గలదు. కంటిపొర తీయుట ముందుగా దినము నిర్ణయించుకొని, స్వల్పకాలమున ముగింపదగిన పని. రాచపుండు, ప్రమాదములో తగిలిన తలగాయము, నెలలునిండని శిశువు, వీని ఖర్చునకు మేర లేదు. ధనికుని బిల్లుతో బీదవాని భారమంతయు ఇచట తీరదు. కావుననే ఖజానా రావలెను. అయితే మదుర పాఠము ఇచటను వర్తించును: ఖర్చు తగ్గించుకొనుటకు మార్గము రోగిని త్రోసివేయుట గాదు, దుబారాను త్రోసివేయుట.

మేము కోరునవి మూడు. మొదటిది: ఆరోగ్యశ్రీ బిల్లునకు గడువు నిర్ణయించి, గడువు దాటినచో వడ్డీతో చెల్లించునట్లు ప్రభుత్వములు శాసనము చేసికొనవలెను, ఏ యాసుపత్రికి ఎంత బాకీయో నెలనెలయు ప్రకటింపవలెను. రెండవది: వైద్యుని జీతమును అతడు వ్రాయు పరీక్షల సంఖ్యతోను, చేయు శస్త్రచికిత్సల సంఖ్యతోను ముడిపెట్టరాదు, సంస్థతో సంబంధములేని వైద్యులు ఆ శస్త్రచికిత్సలను తనిఖీ చేయవలెను. మూడవది: ధరలపట్టిక రోగికి తెలిసిన భాషలో గుమ్మమున వ్రేలాడవలెను. వైద్యసంస్థల చట్టము క్రింద 2012లో ఏర్పడిన కేంద్ర నిబంధనలలో ఈ నియమము గలదు. ఆ చట్టము నంగీకరింపని రాష్ట్రములును దీనిని చేపట్టుట కేమి యడ్డము?

ఇందు మూడవదానికి పట్టణప్రజలు ప్రభుత్వముకొఱకు వేచియుండ నక్కరలేదు. ఆసుపత్రికి విరాళ మిచ్చు వర్తకులు లెక్క యడుగవచ్చును. పురప్రముఖులు తమయూరి ప్రభుత్వాసుపత్రిలో మందుల నిల్వ యెంతయో, ఖాళీలుగా నున్న వైద్యుల స్థానము లెన్నియో విచారింపవచ్చును. పఠనాలయములలో రాజకీయములు చర్చించు యువకులు ఒక సాయంకాలము ఈ విషయమునకు కేటాయింపవచ్చును. లెక్క యడుగుట వైద్యుని అవమానించుట గాదు. నిజాయితీగల వైద్యునకు అదియే రక్ష. అది లేనిచో అతడు బిల్లు చేతబట్టుకొని రోగి యెదుట ఒంటరిగా నిలువవలసివచ్చును.