పాత కెమెరాకు తొలి లెన్సు

చేతిఫోనుతో నిమిషమునకు పదుల కొలది బొమ్మలు తీయగల యీ దినములలో, 36 బొమ్మలతో ముగిసిపోవు ఫిల్ము రోలుపై మన విద్యార్థులు కొందఱికి మక్కువ యేల కలిగినదో పెద్దలకు బోధపడుట లేదు. ఆ చర్చ నాకిక్కడ అక్కఱలేదు. తాతగారి బీరువానుండియో, మేనమామగారి యింటి అటకమీదినుండియో, హైదరాబాదు కోఠి దుకాణములనుండియో యొక పాత కెమెరా యింటికి వచ్చినది. దానికి లెన్సు లేదు. ఉన్నను బూజు పట్టియున్నది. ఇప్పుడు ఏ లెన్సు కొనవలెను? ఈ యొక్క ప్రశ్నను గూర్చియే నా యభిప్రాయమును పాఠకుల ముందుంచుచున్నాను. ఇది తల్లిదండ్రుల సొమ్ముతో ముడివడిన విషయము గావున వారును దీనిని చదువవలెనని నా కోరిక.

నా మాట ముందే చెప్పెదను. 50 మిల్లీమీటర్ల లెన్సు నొక్కదానిని, ఎఫ్ 1.8 గాని ఎఫ్ 2 గాని యైనదానిని, మీ కెమెరా మౌంటునకే చేసినదానిని, అద్దము నిర్మలముగా నున్నదానిని కొనుడు. మిగిలిన సొమ్మును ఫిల్మునకును, దానిని కడిగించుటకును దాచుకొనుడు. ఒక సంవత్సరము గడచువఱకు రెండవ లెన్సు మాట తలపెట్టవలదు.

దీనికి పెద్దలు చెప్పు ఆక్షేపణ నెఱుగుదును. “జూము లెన్సు నొకదానిని కొనినచో దగ్గఱి వస్తువును దూరపు వస్తువును దానితోడనే తీయవచ్చును గదా. ఒక లెన్సు వెలకు మూడు లెన్సులు వచ్చినట్లు గదా” యని వారందురు. ఇది సంసారము నడుపువారి లెక్క. తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని యీ లెక్కలో నొక పద్దు విడిచిపెట్టబడినది. అది వెలుతురు.

ఎఫ్ సంఖ్య యనగా లెన్సు యొక్క నాభ్యంతరమును దాని రంధ్రపు వ్యాసముచేత భాగింపగా వచ్చు అంకె. 50 మిల్లీమీటర్ల లెన్సునకు ఎఫ్ 2 అనినచో రంధ్రము 25 మిల్లీమీటర్ల వెడల్పు గలదని యర్థము. అంకె చిన్నదైన కొలది లోనికి వచ్చు వెలుతురు హెచ్చు. నికాన్ వారు 1995లో వెలువరించిన ఎఫ్‌ఎమ్10 అను కెమెరాతో తఱచు జతపఱచి యమ్మినది 35 నుండి 70 మిల్లీమీటర్ల జూము; దాని ఎఫ్ సంఖ్య 35 వద్ద 3.5, 70 వద్ద 4.8. లెక్క వేసి చూడుడు. ఎఫ్ 2 లెన్సు లోనికి విడుచు వెలుతురులో ఈ జూము ఒక కొనయందు మూడవ వంతును, రెండవ కొనయందు ఇంచుమించు ఆఱవ వంతును మాత్రమే విడుచును. వంటయింటి కిటికీ ప్రక్కన కూర్చుండి బియ్యము నేఱుచున్న నాయనమ్మను ఎఫ్ 2తో సెకండులో 60వ వంతు కాలమున తీయగలిగిన చోట, ఈ జూమునకు 70 వద్ద 10వ వంతు కాలము కావలెను. అంత కాలము కెమెరాను చేతిలో కదలనీయక పట్టుకొనుట అలవాటుపడినవారికే కష్టము. నాభ్యంతర మెంతయో అన్నవ వంతు సెకండు కంటె నెమ్మదిగా చేతితో తీయవలదని పాతకాలపు ఫొటోగ్రాఫరులు చెప్పుదురు. 70 మిల్లీమీటర్లకు 70వ వంతు. పిల్లవాడు ఆ హద్దునకు ఏడింతలు దిగువన నున్నాడు.

ఫోనులో నిట్టి చిక్కు తెలియదు. చీకటి పడినప్పుడు అది తన గ్రహణశక్తిని తానే పెంచుకొనును. ఫిల్మునకు ఆ చాతుర్యము లేదు. 400 అంకె గల రోలు ఎక్కించినచో 36 బొమ్మలును 400 మీదనే తీయవలెను. పాత కెమెరాలో పిల్లవాని చేతిలోనున్న తాళపుచెవులు రెండే: షట్టరు, ఎపర్చరు. అందులో నొకదానిని మొదటనే సగము విఱిచి చేతికిచ్చుట న్యాయమా?

నేనెఱిగిన యొక బాలిక జూముతో మొదలుపెట్టి మూడు రోలులు తీసినది. ఇంటిలోపల తీసిన వన్నియు మసకలే. తన చేయి వణకుచున్నదనియు, తనకీ విద్య రాదనియు ఆమె నిశ్చయించుకొనెను. కెమెరా మరల అటక యెక్కినది. ఆమె చేతిలో లోపమేమియు లేదు. ఎవరో యొక పెద్దమనిషి పొదుపు చెప్పి యామెకు నష్టము కలిగించెను.

ఫిల్ము వెల కూడ నిందు చేర్చి చూడవలెను. ఊటీలో ప్రభుత్వపు హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారము “ఇందు” అను పేర నలుపు తెలుపు ఫిల్మును చేయుచుండెడిది. అది మూతపడినది. ఇప్పుడు దుకాణములలో దొరకునది ప్రాయికముగా విదేశములనుండి వచ్చునదే. కడుగువారు కొలది పట్టణములలోనే యున్నందున మనవంటి యూళ్లవారు రోలులను తపాలాలో పంపవలసినదే. చెడిపోయిన ప్రతి బొమ్మకును రొక్కము పోవుచున్నది. అట్లుండగా లెన్సునందు పొదుపు చేసితిమని సంతోషించి ఫిల్మునందు పోగొట్టుకొనుట యేమి పొదుపు?

ఇక 50 మిల్లీమీటర్లే యేల? 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై బొమ్మ 24కు 36 మిల్లీమీటర్లు. దాని కర్ణము సుమారు 43. నాభ్యంతరము ఆ కర్ణమునకు దగ్గఱగా నున్నచో బొమ్మలోని దూరములును పరిమాణములును కంటికి సహజముగా తోచును. ఓస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమెరా 1925లో లైప్‌జిగ్ సంతలో వెలుగు చూచినప్పుడు దానికున్నది 50 మిల్లీమీటర్ల ఎఫ్ 3.5 లెన్సే. ఆ పిమ్మట వచ్చిన కంపెనీలవారు బహుకాలము కెమెరాతోపాటు ఆ కొలత లెన్సునే యిచ్చుచు వచ్చిరి. కావున అవి లక్షల కొలదిగా తయారైనవి. అందువలననే నేడు పాత సరకులో తక్కువ వెలకు దొరకుచున్నవి. అరుదైనది గనుక ప్రియము, విరివిగా నున్నది గనుక చౌక. గుణమునందు కొదువ గలిగి చౌక కాలేదు. 1948 జనవరిలో గాంధీమహాత్ముని కడపటి దినములను, అంత్యయాత్రను చిత్రించిన ఫ్రెంచి ఫొటోగ్రాఫరు ఆఁరి కార్తియే బ్రెసోఁ తన జీవితములోని పనిలో నెక్కువ భాగమును 50 మిల్లీమీటర్ల లెన్సుతోడనే చేసెను. 

ఈ లెన్సుతో నొక చిన్న లెక్క గుర్తుంచుకొనదగును. కెమెరాను అడ్డముగా పట్టుకొనినచో ఎంత దూరమున నిలుచుందుమో దానిలో నాలుగింట మూడు పాళ్లకు కొంచెము తక్కువ వెడల్పు బొమ్మలో పట్టును. పాఠశాల ముంగిట పదునలుగురు విద్యార్థులు వరుసగా నిలిచిరనుకొనుడు. మనిషికి అడుగున్నర చొప్పున 21 అడుగులు. వారందఱు పట్టుటకు ఫొటో తీయువాడు 30 అడుగులు వెనుకకు పోవలెను. పోవును, ఆవరణము చాలును. ముఖము మాత్రము కావలసినచో ముందుకు నడచి రావలెను. జూము గలవాడు నిలిచినచోటనే నిలిచి వలయమును త్రిప్పును. ఇది గలవాడు నడచును. నడచినవానికి వెనుకనున్న గోడ మాఱును, చెట్టు ప్రక్కకు జరుగును, ఎండ వేఱొక వైపునుండి పడును. ఆ మార్పులను కన్నులార చూచుటయే ఫొటోగ్రఫీ నేర్చుట యని నా నమ్మకము.

ఇరుకు గదులలో మాత్రము ఇది చాలదని యొప్పుకొనెదను. పది యడుగుల గదిలో నొక గోడ నానుకొని నిలిచినను ఎదుట ఏడడుగులే పట్టును. 35 మిల్లీమీటర్ల లెన్సునకు దూరమెంతయో వెడల్పును ఇంచుమించు నంతయే. రెండవ లెన్సు కొను కాలము వచ్చినప్పుడు దానినే కొనవలెను. అంగడివారు చౌకగా చూపు 135 మిల్లీమీటర్ల పొడుగు లెన్సును చూచి మురిసిపోవలదు. కొందఱు పిల్లలకు ఎఫ్ 1.4 లెన్సులపై నాశ గలదు. ఎఫ్ 2 వద్దనే, రెండు మీటర్ల దూరమున, స్ఫుటముగా కనబడు లోతు జేనెడు మాత్రమే. ఎఫ్ 8 వద్ద అదే లోతు దాదాపు రెండు మూరలు. జేనెడు లోతులో గుఱి తప్పకుండుట నేర్చిన పిమ్మట దానికంటె సన్నని లోతును గూర్చి యాలోచింపవచ్చును.

మౌంటు విషయమున విక్రేతల మాట నమ్మరాదు. “దేనికైనను సరిపోవును, ఎడాప్టరు ఇచ్చెదను” అని చెప్పుట వారికి పరిపాటి. లెన్సు ఆను అంచునుండి ఫిల్ము వఱకు గల దూరము ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క కొలత. పాత పెంటాక్స్ స్పాట్‌మాటిక్, జెనిట్, ప్రాక్టికా కెమెరాలకు మరచుట్టు వంటి ఎమ్42 మౌంటు; దూరము 45.46 మిల్లీమీటర్లు. పెంటాక్స్ వారు 1975లో తెచ్చిన కె మౌంటునకును దూరమదే. కావున ఎమ్42 లెన్సును సన్నని వలయముతో కె1000 కెమెరాకు బిగించినచో కొండలవఱకు ఫోకసు చక్కగా వచ్చును. కెనాన్ ఎఫ్‌డి మౌంటునకు దూరము 42 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్ మౌంటునకు 46.5. కెనాన్ ఎఫ్‌డి లెన్సును నికానునకు వట్టి వలయముతో తగిలించినచో దూరపు వస్తువులు ఎన్నడును స్ఫుటముగా రావు. నడుమ వేఱొక అద్దము పెట్టవలెను, దానితో బొమ్మ నాణ్యము తగ్గును.

ఒక కంపెనీలోనే భేదములు గలవు. 1987లో కెనాన్ వారు మౌంటును పూర్తిగా మార్చివేసిరి. అంతకు ముందటి ఎఫ్‌డి లెన్సులు పిమ్మటి ఇఎఫ్ కెమెరాలకు అతుకవు. నికాన్ వారు మౌంటును మార్చలేదను కీర్తి నిజమే గాని, 1977కు పూర్వపు లెన్సులను మార్పు చేయింపక ఎఫ్‌ఎమ్10 వంటి వానికి బిగింపరాదు. బలవంతము చేసినచో అంచుననున్న చిన్న మీట చెడును. కొన్ని క్రొత్త నికాన్ లెన్సులకు ఎపర్చరు వలయమే లేదు. అవి పాత కెమెరాకు అతుకును గాని రంధ్రము మిక్కిలి చిన్నదై నిలిచిపోవును. జెనిట్ కెమెరాతో వచ్చు హీలియోస్ లెన్సు 58 మిల్లీమీటర్లు, ఎఫ్ 2. ఇంటిలో నదియే యున్నచో వేఱొకటి కొననక్కఱలేదు. పాతరకపు హీలియోసునకు రెండు వలయములుండును: వెడల్పుగా తెఱచి ఫోకసు చేసి, పిదప రెండవ వలయమును త్రిప్పి రంధ్రమును తగ్గించి మీట నొక్కవలెను. వారము దినములలో నలవాటగును.

కొనుటకు పోవునప్పుడు ఒక చేతిదీపమును తీసికొని పొండు. లెన్సును విప్పించి, ఎపర్చరును పూర్తిగా తెఱచి, వెనుకనుండి దీపము వేసి ఏటవాలుగా చూడుడు. సాలెగూటి పోగుల వంటి సన్నని గీతలు కనబడినచో నది బూజు. కాకినాడ, మచిలీపట్నము వంటి తీరపు పట్టణములలో వానకాలపు తేమకు తోలుసంచిలో మూసియుంచిన లెన్సులకు ఇది పట్టుట సాధారణము. ముదిరిన బూజు అద్దముపై పూతను తినివేయును. తుడిచినను మచ్చ పోదు. పాలనీరు వంటి మసక యున్నను విడిచిపెట్టుడు. రెండు మూడు ధూళికణములకు, అద్దములోపలి చిన్న బుడగలకు వెఱవవలదు. ముందటి అద్దముపై నొక చిన్న గీత కంటె వెనుకటి అద్దముపై గీత ఎక్కువ కీడు. ఎపర్చరు ఱేకులపై నూనె మెఱయుచున్నదేమో చూడుడు. నూనె పట్టిన ఱేకులు మీట నొక్కినప్పుడు చటుక్కున మూసికొనవు, బొమ్మలో వెలుతురు మితిమీఱును. ఫోకసు వలయము మొదటినుండి కడవఱకు ఒకే తీరున తిరుగవలెను.

పెంటాక్స్ వారి సూపర్ టాకుమార్ 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4 లెన్సులలో కొన్నిటి అద్దము టీ రంగు తిరిగియుండును. అందు థోరియము కలిపిన గాజు వాడుటయే దానికి కారణము. కొన్ని దినములు సూర్యరశ్మి తగులనిచ్చినచో ఆ పసుపు చాలవఱకు తగ్గును. దీనిని బూజని భ్రమపడి పాఱవేసినవారు లేకపోలేదు.

ఇంటికి తెచ్చిన లెన్సును తోలుసంచిలో నుంచక, మూత బిగియు డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో నుంచి, నెలకొకసారి యా పొట్లములను ఆరబెట్టి మరల వాడుకొనవచ్చును. తాతగారి కెమెరాకున్న 50 మిల్లీమీటర్ల లెన్సునకే బూజు పలుచగా పట్టియున్నచో, వేఱొకటి కొనుటకు ముందు దానిని మరమ్మతు చేయువానికి చూపి వెల యడుగుడు. అతడు చెప్పు కూలి, అంగడిలో శుభ్రమైన లెన్సు వెలలో సగమునకు మించనిచో, తాతగారి లెన్సునే విప్పించి తుడిపించుట మేలు. మించినచో వేఱొకటి కొని, పాతదానిని దానికి దూరముగా వేఱొక డబ్బాలో నుంచుడు.