స్వలింగ వివాహాల తీర్పులో మనం చదవని భాగం

స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కల్పించాలంటూ దాఖలైన పిటిషన్ల మీద సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 అక్టోబరు 17న తీర్పు చెప్పింది. ఏ పిటిషన్ పేరుతో ఆ తీర్పును పిలుస్తున్నారో అది హైదరాబాదులో నివసించే ఇద్దరు యువకులు వేసినదే. వివాహమాడటం రాజ్యాంగం ప్రసాదించిన ప్రాథమిక హక్కు కాదనీ, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని కోర్టు తిరగరాయజాలదనీ, ఆ పని చేయదలిస్తే చట్టసభలే చేయాలనీ ఐదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తేల్చారు. పునస్సమీక్ష పిటిషన్లను 2025 జనవరిలో తోసిపుచ్చారు.

అల్ హమ్దులిల్లాహ్, గెలిచాం అన్నారు మనవాళ్ళు. జమీఅతె ఉలమాయె హింద్ ఆ వ్యాజ్యంలో చేరి వాదించింది. తెలంగాణ మర్కజీ షియా ఉలమా కౌన్సిల్ కూడా కోర్టు తలుపు తట్టింది. కేంద్ర ప్రభుత్వం వ్యతిరేకించింది. వివిధ మతపెద్దలను సంప్రదించిన మీదట తామూ వ్యతిరేకమేనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెలియజేసింది. ఇన్ని మతాలవారు ఒకే బెంచీ మీద కూర్చున్న సందర్భం ఈ దేశంలో మళ్ళీ ఎప్పుడు వస్తుందో! సంతోషించడంలో తప్పు లేదు. కాని గెలిచామన్నవారు తీర్పును చదవటం కూడా అవసరమే.

నికాహ్ విషయంలో మనకు సందేహమేమీ లేదు. ఈజాబ్, ఖబూల్, ఇద్దరు సాక్షులు, మహర్ - ఇదంతా ఒక పురుషునికీ ఒక స్త్రీకీ మధ్య జరిగే ఒడంబడిక. హజ్రత్ లూత్ (అలైహిస్సలాం) జాతి వృత్తాంతం మదరసా గడప తొక్కనివారికి కూడా తెలుసు. నాలుగు మజ్హబ్‌లలోనూ ఇందులో భిన్నాభిప్రాయం లేదు. అయితే దీనిని మార్చమని ఎవరూ కోర్టును అడగలేదు. విచారణ మొదలైన రోజున, అంటే 2023 ఏప్రిల్ 18ననే, పర్సనల్ లాల జోలికి పోబోమని ధర్మాసనం చెప్పివేసింది. వాదన అంతా నడిచింది ప్రత్యేక వివాహ చట్టం చుట్టూ. ఆ చట్టం క్రింద పెళ్ళి చేసుకుంటే వారసత్వానికి షరీఅత్ కాక భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. అందుకే మన పెద్దలు ఆ చట్టం జోలికి వెళ్ళవద్దని పిల్లలకు చెబుతూ వచ్చారు. మనం వద్దనుకున్న చట్టంలో ఎవరిని చేర్చాలి, ఎవరిని చేర్చకూడదు అన్నదానికి మనం ఇంత పట్టుబట్టాలా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

1985లో షాబానో కేసు తీర్పు వచ్చిన నాటి నుండి మనం చెప్పుకుంటున్న మాట ఒక్కటే. మా ధర్మం ప్రకారం మమ్మల్ని బ్రతకనివ్వండి, ఎక్కువమంది అభిప్రాయాన్ని మా నెత్తిన రుద్దకండి. ఈ మాటకు బలం ఉండాలంటే అది అందరికీ వర్తించాలి కదా! ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుండి అమలులోకి వచ్చిన ఉమ్మడి పౌరస్మృతిని చూడండి. స్త్రీ పురుషుల మధ్య జరిగేదే వివాహమని అదీ అంటుంది. అదే చట్టం మన వారసత్వ వాటాలను ప్రక్కకు నెట్టింది. స్వలింగ వివాహాన్ని కాదన్న ప్రతి చట్టమూ షరీఅత్‌కు చుట్టం కాదు.

ఇక తీర్పులోని రెండవ విషయం. స్వలింగ జంటల సహజీవనానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలని ఇద్దరు న్యాయమూర్తులు, అక్కర్లేదని ముగ్గురు అన్నారు. అయితే వారి దైనందిన ఇబ్బందుల పరిశీలనకు కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన సంఘం వేస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ సంఘం 2024లో ఏర్పడింది. అలా కలిసి ఉండేవారిని రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివారిగా చూడాలని, వారు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి అడ్డంకి లేదని, దగ్గరి బంధువులెవరూ లేనప్పుడు ఆసుపత్రి నుండి శవాన్ని తీసుకునే వీలు కల్పించాలని అదే ఏడాది కేంద్ర శాఖలు సూచనలు పంపాయి.

ఇది దొడ్డిదారి అనేవారున్నారు. మాకు అలా తోచదు. బియ్యం ఇవ్వటం నికాహ్ చదివించటం కాదు. దిక్కులేక శవం ఆసుపత్రిలో పడి ఉండటం ఏ షరీఅత్‌కు సమ్మతం? ఆ మాటకొస్తే మన ఫిఖ్హ్‌లోనే, వారసుడు కానివానికి ఆస్తిలో మూడవ వంతు వరకు వసీయత్ వ్రాయవచ్చు, బ్రతికుండగా హిబా చేయవచ్చు. ఆ మనిషి నీకు ఏమవుతాడని ఖాజీ నిలదీయడు.

మూడవ విషయం నేరుగా మన ఇంట్లోకే వస్తుంది. స్త్రీ పురుష సంబంధంలో ఉన్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఇప్పుడున్న చట్టాల క్రింద, పర్సనల్ లాలతో సహా, వివాహమాడే హక్కు ఉందని ఐదుగురు న్యాయమూర్తులూ ఒక్కమాట మీద చెప్పారు. గెలుపు సంబరంలో ఈ వాక్యం ఎవరి కంటా పడినట్లు లేదు. పర్సనల్ లాల జోలికి పోమన్న ధర్మాసనమే ఈ ఒక్కచోట పోయింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పురుషుణ్ణి వివాహమాడిన ట్రాన్స్ మహిళ కూడా 498ఏ సెక్షను క్రింద ఫిర్యాదు చేయవచ్చునని చెప్పింది. రేపు పాతబస్తీలో అలాంటి జంట ఒకటి ఖాజీ ముందు నిలబడితే ఆయన సియాహాలో ఏమి వ్రాయాలి?

ఇది మనకు తెలియని ప్రశ్నేమీ కాదు. పుట్టుకతో స్త్రీయో పురుషుడో స్పష్టం కాని ఖున్సాను గురించి మన ఫుఖహాలు వందల ఏళ్ళ క్రితమే ప్రత్యేక అధ్యాయాలు వ్రాశారు. నమాజు వరుసలో ఎక్కడ నిలబడాలి, వాటా ఎంత, ఎవరు గుస్ల్ చేయించాలి అన్నీ చర్చించారు. హిదాయా చదివినవారికి ఆ అధ్యాయం గుర్తుండే ఉంటుంది. 2016లో లాహోరులో యాభైమంది ఉలమాలు, శారీరక లక్షణాలు స్పష్టంగా ఉన్న ఇలాంటి వారి నికాహ్ చెల్లుతుందని ఫత్వా ఇచ్చారు. శస్త్రచికిత్స చేయించుకున్నవారి విషయం వేరు, అది కఠినమైన చర్చ. కాని ఆ చర్చ మన దారుల్ ఉలూమ్‌లలో జరగకపోతే కోర్టులలో జరుగుతుంది, ఇప్పటికే జరుగుతోంది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చిన చట్టం నిజాం సంస్థానంలో పుట్టింది. 1329 ఫస్లీ నాటి ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసేదాకా మనలో ఎందరికి గుర్తుంది?

ఇక కోర్టులకు సంబంధం లేని సంగతి. తమ కొడుకుకు ఆడవారి పట్ల మనసు లేదని తల్లిదండ్రులకు తెలుసు. అయినా ‘పెళ్ళి చేస్తే వాడే దారికొస్తాడు’ అని ఎక్కడో ఒక పేదింటి పిల్లను చూస్తారు. ఏడాది తిరిగేసరికి లోపమంతా ఆ పిల్లదే అవుతుంది. మహర్ వదులుకుని ఖులా అడుగుతుంది. సలహా కోసం మా వద్దకు వచ్చిన ఖులా వ్యవహారాలలో ఇలాంటివి ఒకటి రెండు కాదు. మేకకున్న లోపాన్ని దాచి అమ్మితే తిరిగి ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉందని పాఠాలలో చెబుతాం. ఆడపిల్ల విషయంలో మాత్రం నోరు మెదపం. అటువంటి అమ్మాయి ఖులాతోనే బయటపడనక్కర్లేదు. భర్త సంసారానికి పనికిరాకపోయినా, సరైన కారణం లేకుండా మూడేళ్ళపాటు దాంపత్య ధర్మాన్ని నెరవేర్చకపోయినా, 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం క్రింద కోర్టుకు వెళ్ళవచ్చు. ఈ సంగతి ఆడపిల్లల తల్లులకు చెప్పేవారు లేరు.

ఆ అబ్బాయి గతి కూడా ఆలోచించండి. కొట్టడం, తావీజులు కట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం. ఆడపిల్లలైతే మరీ ఘోరం. 2024 డిసెంబరులో, తండ్రి ఇంట్లో నిర్బంధంలో ఉందన్న ఒక యువతిని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విడిపించి, తన స్నేహితురాలితో ఉండనివ్వమని చెప్పవలసి వచ్చింది. మనసులో పుట్టిన కోరికకు, చేసిన పనికి మధ్య షరీఅత్ గీసిన గీత ఉంది. ఇతరుల ఇళ్ళలోకి తొంగి చూడటం, సాక్ష్యం లేకుండా వ్యభిచార నింద మోపటం కూడా పాపాలే. ఖుత్బాలలో మొదటి పాపాన్ని గురించి గొంతు చించుకునేవారు ఈ రెండింటినీ ఎందుకు మరచిపోతారో తెలియదు.

ఖాజీ సాహెబులకు మాదొక విన్నపం. నికాహ్ వేళ అమ్మాయి అనుమతి కోసం వకీలు, సాక్షులు లోపలికి వెళ్ళి అడుగుతారు. అబ్బాయిని మాత్రం సెహరా కట్టి, వందలమంది మధ్య కూర్చోబెట్టాక అడుగుతాం. అక్కడ కాదనగల కుర్రవాడు పుట్టలేదు. షాదీఖానాకు బయానా ఇవ్వకముందే, తల్లిదండ్రులు లేని చోట అతణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి అడగండి. కాదంటే, కారణం అడగకండి.